గాలి వీచే గ్రౌండ్‌లో బంతి ఎవరి మాట వింటుంది?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఫుట్‌బాల్ ఆడే పిల్లలు బడి వదిలి గ్రౌండ్‌కి చేరే వేళకే సముద్రపు గాలి కూడా చేరుతుంది. పగలంతా కాసిన ఎండకి నేల సముద్రం కన్నా తొందరగా వేడెక్కుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. కళింగపట్నం, బారువ, చింతపల్లి లాంటి తీరపు ఊళ్లలో ముందే మొదలయ్యే ఈ గాలి, కాస్త లోపలికి ఉన్న శ్రీకాకుళం, విజయనగరం పట్టణాలకు కొంచెం ఆలస్యంగా, కొంత బలం తగ్గి వస్తుంది. సాయంత్రం నాలుగైదు గంటలకు అది ఒంటికి హాయిగానే ఉంటుంది. అదే గాలికి ఎదురుగా, గోల్ ముందు నుంచి కొట్టిన గోల్ కిక్ మాత్రం సెంటర్ లైన్ దాటకుండానే వెనక్కి పడిపోతుంది.

అలాంటి రోజు ఓడిపోతే గాలిని తిట్టుకుంటాం. కాళ్ల కింద నేల ఎలా ఉందో ఎవరూ మాట్లాడరు. ఈ రెండూ వేర్వేరు విషయాలు కావని నా నమ్మకం. గాలి ఎక్కువైన రోజు బంతిని నేల మీద ఆడటం ఒక్కటే దారి. నేల మీద ఆడాలంటే అక్కడ గడ్డి ఉండాలి. గ్రావెల్ తేలిన గ్రౌండ్‌లో కిందికి దించిన బంతి ఎగిరి మళ్లీ గాలి చేతికే చిక్కుతుంది. మన పిల్లలు గాలితో పడే ఇబ్బందిలో పెద్ద వాటా నిజానికి నేలది.

ముందు గాలి సంగతి చూద్దాం. ఫుట్‌బాల్ బరువు 410 నుంచి 450 గ్రాములు, చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు. క్రికెట్ బంతి బరువు సుమారు 160 గ్రాములు. అంటే ఫుట్‌బాల్ బరువు దానికి మూడింతలు కూడా లేదు, కానీ గాలికి ఎదురు నిలిచే వైశాల్యం తొమ్మిదింతలు ఉంటుంది. కళ్లంలో ధాన్యం తూర్పారబట్టేటప్పుడు గింజ నిలువునా కింద పడుతుంది, పొల్లు పక్కకి ఎగిరిపోతుంది. క్రికెట్ బంతి గింజలాంటిదైతే ఫుట్‌బాల్ పొల్లుకు దగ్గర.

గాలి బంతిని ఎంత అడ్డుకుంటుందన్నది వేగం మీద ఆధారపడి ఉంటుంది, అదీ వర్గంలో. వేగం రెట్టింపైతే అడ్డు నాలుగింతలవుతుంది. ఇక్కడ వేగం అంటే నేలతో పోల్చిన వేగం కాదు, గాలితో పోల్చినది. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో కొట్టిన బంతికి 18 కిలోమీటర్ల గాలి ఎదురొస్తే, బంతి 90 కిలోమీటర్ల గాలిని చీల్చుకుంటూ వెళ్లినట్టే. అడ్డు 56 శాతం పెరుగుతుంది. అదే గాలి వెనక నుంచి వస్తే లెక్కకు వచ్చేది 54 కిలోమీటర్లే, అడ్డు 44 శాతం తగ్గుతుంది. గాలి 36 కిలోమీటర్లకు పెరిగితే తేడా ఇంకా పెద్దదవుతుంది. ఎదురైతే అడ్డు రెండుంపావు రెట్లు, వెనక నుంచైతే పావు వంతు. బంతి వేగం తగ్గేకొద్దీ దాని చుట్టూ గాలి ప్రవహించే తీరు మారుతుంది కాబట్టి గ్రౌండ్‌లో అంకెలు అచ్చం ఇలాగే ఉండవు. దిశ మాత్రం ఇదే. వెనకగాలి ఇచ్చే లాభం కన్నా ఎదురుగాలి చేసే నష్టం ఎక్కువ.

అందుకే ఎదురుగాలి ఉన్నప్పుడు బయట నుంచి వినిపించే 'ఇంకా గట్టిగా కొట్టరా' అన్న సలహా నాకు నచ్చదు. గట్టిగా కొట్టినకొద్దీ అడ్డు వర్గంలో పెరుగుతుంది. పెట్టిన బలంలో చాలా భాగం గాలికే పోతుంది. పైగా బలమంతా పెట్టి కొట్టేటప్పుడు కాలు బంతి అడుగు భాగానికి తగులుతుంది, బంతి వెనక్కి తిరుగుతూ లేస్తుంది. వెనక్కి తిరిగే బంతిని గాలి పైకి ఎత్తుతుంది. ఎదురుగాలిలో బంతికి తగిలే గాలి వేగం ఎక్కువ కాబట్టి ఆ ఎత్తే బలమూ ఎక్కువే. బంతి నిలువుగా పైకి పోయి, అక్కడ వేగమంతా పోగొట్టుకుని, కొట్టినవాడి వైపే వాలుతుంది. కొట్టిన కాలిలో బలం లేక కాదు.

తిరిగే బంతిని గాలి ఎంత వంచగలదో చూడాలంటే 1997 జూన్‌లో ఫ్రాన్స్ మీద బ్రెజిల్ ఆటగాడు రాబర్టో కార్లోస్ కొట్టిన ఫ్రీ కిక్ చూడాలి. దాదాపు 35 మీటర్ల దూరం నుంచి, గోడలా నిల్చున్న ఆటగాళ్లకు బాగా కుడిపక్కగా వెళ్లిన బంతి చివర్లో ఎడమకు తిరిగి, స్తంభానికి తగులుతూ గోల్‌లోకి వెళ్లింది. దాన్ని వంచింది వీచే గాలి కాదు, బంతి తిరుగుడు. అసలు తిరగకుండా వెళ్లే బంతి కథ వేరు. దాని వెనక గాలి సుడులు ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క విడిపోతాయి, బంతి దారిలో వణుకుతుంది. 2010 వరల్డ్ కప్‌లో వాడిన జబులానీ బంతి మీద గోల్‌కీపర్లు అంత గొడవ పెట్టడానికి కారణం ఇదే. ఎనిమిది ముక్కలతో చేసిన ఆ బంతి మరీ నున్నగా ఉండటంతో, మామూలు ఫ్రీ కిక్ వేగాల్లోనే ఈ వణుకు వచ్చేది. ఉపరితలం కాస్త గరుకుగా ఉంటేనే బంతి కుదురుగా ఎగురుతుంది.

పక్కగాలి పైకి అంత భయపెట్టదు గానీ చేసే పని తక్కువ కాదు. 72 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బంతి మీద 18 కిలోమీటర్ల గాలి పక్క నుంచి వీస్తే, రెండు సెకన్లలో బంతి సుమారు రెండు మీటర్లు పక్కకి జరుగుతుందని లెక్క తేలుతుంది. గోల్ వెడల్పు 7.32 మీటర్లే. అంచు నుంచి గోల్ ముందుకి వేసే బంతిని క్రాస్ అంటారు. స్తంభం పక్కకి గురిపెట్టిన క్రాస్ బయటికి పోవడానికి రెండు మీటర్లు చాలు. 18 కిలోమీటర్ల గాలి అంటే తుపాను కాదు, మన తీరంలో వేసవి సాయంత్రాలకు మామూలే.

మన దగ్గర ఇంకో మెలిక కూడా ఉంది. ఆటగాళ్ల కళ్లలోకి పొద్దు పడకుండా ఫుట్‌బాల్ గ్రౌండ్‌ని ఉత్తర దక్షిణాలుగా వేయడం పద్ధతి. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది కాబట్టి సముద్రపు గాలి ఎక్కువగా ఆగ్నేయం వైపు నుంచి వస్తుంది. రెండూ కలిపి చూస్తే, గాలి గ్రౌండ్‌ని ఐమూలగా కోస్తుంది. దక్షిణం వైపు గోల్ మీదికి దాడి చేసే జట్టుకు అది సగం ఎదురుగాలి, సగం పక్కగాలి. అలాంటప్పుడు తూర్పు అంచు నుంచి కొట్టిన క్రాస్, పడమటి అంచు నుంచి కొట్టిన క్రాస్ ఒకేలా ప్రవర్తించవు. ఒకదాన్ని గాలి లోపలికి తోస్తుంది, మరోదాన్ని అక్కడే ఆపేస్తుంది. ఈ తేడా చెప్పకుండా రెండు అంచుల్లో ఆడే వింగర్లకూ ఒకే రకం ప్రాక్టీస్ ఇవ్వడం పిల్లలకు అన్యాయం చేయడమే.

టాస్ కూడా ఇక్కడ ముఖ్యమే. 2019లో మారిన నియమం ప్రకారం టాస్ గెలిచిన జట్టు ఏ గోల్ వైపు దాడి చేయాలో ఎంచుకోవచ్చు, లేదా కిక్ ఆఫ్ తీసుకోవచ్చు. గాలి ఉన్న రోజు కిక్ ఆఫ్ కోరుకోవడంలో అర్థం లేదు. గాలి వెనక ఉండే వైపు తీసుకోవాలి. అది మొదటి సగంలోనా, రెండో సగంలోనా? చాలామంది అలసిపోయిన కాళ్లకు సాయంగా ఉంటుందని రెండో సగానికి దాచుకుంటారు. సముద్రపు గాలి వీచే చోట నేనైతే మొదటి సగమే తీసుకోమంటాను. పొద్దు వాలేకొద్దీ నేల చల్లబడుతుంది, గాలి బలమూ తగ్గుతుంది. నాలుగున్నరకు మొదలైన మ్యాచ్‌లో దాచుకున్న గాలి అయిదున్నరకు ఉంటుందన్న హామీ లేదు. జూలైలో నైరుతి గాలి వీచే రోజుల్లో ఈ లెక్క పని చేయదు. అది పొద్దును బట్టి నడిచే గాలి కాదు.

పెద్ద స్టేడియాల్లో గాలి పోకడ ఇంకా చిక్కుగా ఉంటుంది. గ్యాలరీలు గాలిని అడ్డుకుంటాయి గానీ పూర్తిగా ఆపవు. పైకప్పు మీదుగా దాటిన గాలి లోపల సుడి తిరిగి, కింద ఎదురు దిక్కులో వీస్తుంది. స్టేడియం మూలలు తెరిచి ఉంటే ఆ సందుల్లోంచి గాలి వేగం పెంచుకుని దూరుతుంది. ఇంగ్లండ్‌లో స్టోక్ సిటీ గ్రౌండ్‌కి ఈ పేరు ఉండేది. 2013 నవంబర్ 2న సౌతాంప్టన్‌తో అక్కడ జరిగిన మ్యాచ్‌లో, ఆట మొదలైన 13 సెకన్లకే స్టోక్ గోల్‌కీపర్ అస్మీర్ బెగోవిచ్ తన పెనాల్టీ ఏరియాలోంచి తన్నిన బంతి గాలి సాయంతో వెళ్లి, ఎదుటి గోల్‌కీపర్ ముందు ఒక్క ఎగురు ఎగిరి, అతని తల మీదుగా గోల్‌లో పడింది. దూరం 91.9 మీటర్లని కొలిచారు. ఆ గోల్‌లో గాలి పాత్రను అందరూ గుర్తుపెట్టుకున్నారు. కానీ కీపర్‌ని మోసం చేసింది ఆ ఒక్క ఎగురు. బంతి నేలను తాకాక ఎంత లేస్తుందో అతను తప్పు అంచనా వేశాడు. గాలి, నేల కలిసి వేసిన గోల్ అది.

వాతావరణ శాఖ చెప్పే గాలి వేగం నేల నుంచి 10 మీటర్ల ఎత్తులో కొలిచింది. కిందికి వచ్చేకొద్దీ నేల రాపిడికి గాలి నెమ్మదిస్తుంది. చదునైన బయలులో మోకాలి ఎత్తుకు వచ్చేసరికి అది సుమారు సగమే ఉంటుంది. గోల్ కిక్ వెళ్లే 15, 20 మీటర్ల ఎత్తులో చెప్పినదాని కన్నా ఎక్కువే ఉంటుంది. గాలిని వర్గంలో లెక్కపెట్టాలని గుర్తుంటే ఈ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. నేల మీద దొర్లే పాస్‌కి గాలి బాధ చాలా తక్కువ. అందుకే గాలి రోజున పొట్టి పాసులు ఆడమని పీఈటీ మాస్టార్లు చెబుతారు. మాట నిజమే, అయితే ఆ పాస్ దొర్లడానికి తగిన నేల కూడా కావాలి.

నేల ఎలా ఉండాలో కొలవడానికి ఒక పద్ధతి ఉంది. కృత్రిమ పచ్చిక మంచి గడ్డి నేలలాగే ప్రవర్తించాలని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫీఫా కొన్ని పరీక్షలు పెట్టింది. బంతిని 2 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే, పై స్థాయి పచ్చిక మీద అది 60 నుంచి 85 సెంటీమీటర్ల లోపే లేవాలి. అదే బంతిని ఉక్కు పలక మీద వదిలితే 1.3 మీటర్ల పైనే లేస్తుంది. ఎండకి గట్టిపడిన మన ఎర్రనేల ఈ రెంటి మధ్యలో, పలకకు దగ్గరగా ఉంటుంది. నడుం ఎత్తుకు లేచిన బంతిని పిల్లవాడు ఛాతీతో ఆపాలి, లేదా గాలిలోనే తన్నాలి. ఆ రెండూ గాలికి అవకాశం ఇచ్చేవే. రెండో పరీక్ష దొర్లుడిది. మీటరు ఎత్తు వాలు మీంచి వదిలిన బంతి 4 నుంచి 8 మీటర్లు దొర్లి ఆగాలి. గట్టి నేల మీద అది ఆ హద్దు దాటి పరిగెడుతుంది, పలుగురాయి తగిలితే దారి మారుస్తుంది. పాస్ అందుకోవాల్సినవాడు తల ఎత్తి తోటివాళ్లని చూడటం మానేసి, బంతి ఎటు ఎగురుతుందోనని కళ్లు నేలకే అప్పగిస్తాడు. మన పిల్లలకు తల దించి ఆడే అలవాటు ఎందుకని అడిగేవాళ్లు ముందు గ్రౌండ్ చూడాలి.

గడ్డి ఎత్తు కూడా ఆటను మారుస్తుంది. పెద్ద పోటీల్లో సాధారణంగా 25 నుంచి 30 మిల్లీమీటర్ల మధ్య కత్తిరిస్తారు. అంతకన్నా పెరిగితే బంతి గడ్డిలో కూరుకుని పాస్ మధ్యలోనే ఆగుతుంది. మ్యాచ్‌కి ముందు, హాఫ్‌టైమ్‌లో నీళ్లు చల్లితే ఆకు మీది తడికి బంతి జారి వేగంగా వెళ్తుంది. పాసింగ్ మీద బతికే జట్లు సొంత గ్రౌండ్‌లో ఈ పని తప్పకుండా చేయిస్తాయి. సంక్రాంతి సెలవుల్లో పొద్దున్నే మంచు పడ్డ గడ్డి మీద ఆడినవాళ్లకు ఈ జారుడు తెలిసే ఉంటుంది. ఆకు తడవడం వేరు, నేల మీద నీళ్లు నిలవడం వేరు. 1974 వరల్డ్ కప్‌లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పశ్చిమ జర్మనీ, పోలండ్ మ్యాచ్‌కి ముందు కుండపోత వాన పడింది. నీళ్లు తోడిపోసి ఆడించారు. బంతి గుంటల్లో ఆగిపోతుంటే పోలండ్ వింగర్ల వేగం అక్కరకు రాలేదు. జర్మనీ 1-0తో గెలిచి ఫైనల్‌కి వెళ్లింది.

కాలికి, గడ్డికి మధ్య పట్టు కూడా మ్యాచ్‌లను తేల్చింది. 1954లో బెర్న్‌లో వానలో జరిగిన ఫైనల్‌లో పశ్చిమ జర్మనీ ఆటగాళ్లు మార్చి బిగించుకునే స్టడ్స్ (అడుగున ఉండే బొడిపెలు) ఉన్న బూట్లతో దిగి, హంగరీని 3-2తో ఓడించారు. మన జట్టు సంగతి గుర్తుచేసుకోవాలి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఎక్కువమంది ఉత్త కాళ్లతో ఆడి ఫ్రాన్స్ చేతిలో 2-1తో మాత్రమే ఓడారు. నాలుగేళ్ల తర్వాత హెల్సింకి చలిలో యుగొస్లావియా మీద 10-1 దెబ్బ తగిలాక, జాతీయ జట్టుకు బూట్లు తప్పనిసరి చేశారు.

మైదానాల గడ్డి అనగానే ఎక్కడో విదేశాల నుంచి తేవాల్సిన ఖరీదైన సరుకు అనుకుంటారు. అలా ఏం లేదు. వేడి దేశాల్లో ఫుట్‌బాల్ మైదానాలకు ఎక్కువగా వాడే బెర్ముడా గడ్డి మన గరికే. వినాయక చవితికి కోసుకొచ్చే గరిక. అమెరికాలో జార్జియా రాష్ట్రం టిఫ్టన్‌లో ఈ గరికను ఆఫ్రికా జాతి గరికతో కలిపి టిఫ్‌వే 419 లాంటి హైబ్రిడ్ రకాలు తయారుచేశారు. వాటి ఆకు ఇంకా సన్నం, అల్లిక ఇంకా దట్టం. స్వభావం మాత్రం పాతదే. నేల మీద పాకుతూ, నేల లోపల కూడా కాండాలు సాగిస్తూ అల్లుకుంటుంది. స్టడ్స్ చీల్చిన చోటు పక్క నుంచి పాకొచ్చి పూడుతుంది. ఎండ ఎంత కాస్తే అంత బాగా పెరుగుతుంది, నీడను మాత్రం ఓర్చుకోదు. ఉప్పు తగిలే తీరానికి ఇంకో రకం ఉంది. సముద్రపు ఒడ్డున పెరిగే పాస్పలం జాతి ఉప్పునీటిని బాగా తట్టుకుంటుంది. 2022 వరల్డ్ కప్‌కి ఖతార్ స్టేడియాల్లో వేసింది ఆ జాతి గడ్డే.

గాలికి, గడ్డికి ఇంకో సంబంధం ఉంది, ఇది కాస్త ఆశ్చర్యంగా ఉంటుంది. ఆటకు ఇబ్బంది కలిగించే గాలే గడ్డికి ఊపిరి. ఆకు మీది తడిని గాలి ఆర్పకపోతే బూజు తెగుళ్లు పడతాయి. యూరప్‌లో ఎత్తైన గ్యాలరీలు, పైకప్పు కట్టాక గాలి ఆడక, ఎండ తగలక గడ్డి చావడం మొదలైంది. ఇప్పుడు చాలా స్టేడియాల్లో చక్రాల మీద దీపాలు తిప్పుతారు, పెద్ద ఫ్యాన్లు పెడతారు. 2007లో కొత్తగా కట్టి తెరిచిన వెంబ్లీలో గడ్డిని పదేపదే మార్చి, చివరికి 2010లో సహజ గడ్డి మధ్య ప్లాస్టిక్ పోగులు లోతుగా కుట్టే హైబ్రిడ్ పద్ధతికి వెళ్లారు. గ్యాలరీ లేని మన గ్రౌండ్లకు ఈ రోగం లేదు. ఎండా, గాలీ ఉచితంగా వస్తున్న చోట గడ్డి పెరగడం లేదంటే లోపం మన వైపే ఉంది. మే నెల వడగాలి మాత్రం వేరు. అది ఆకులోంచి నీటిని లాగేస్తుంది, ఆ రోజుల్లో తడి అందకపోతే గరిక కూడా గోధుమరంగులోకి వాడిపోతుంది.

మరి కృత్రిమ పచ్చిక పరిస్తే పీడ విరగడవుతుంది కదా అనే మాట ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తోంది. వానల్లో బురద ఉండదు, రోజంతా ఆడొచ్చు, ఆ లాభాలు నిజమే. అయినా మన ఎండలకు దాన్ని ఒప్పుకోలేను. బతికున్న గడ్డి నీటిని ఆవిరి చేస్తూ తన్ను తాను చల్లబరుచుకుంటుంది. ప్లాస్టిక్ ఆ పని చేయలేదు. ఎండలో దాని ఉపరితలం 60 డిగ్రీలు దాటడం ప్రపంచంలో చాలాచోట్ల కొలిచి చూసిన సంగతి. 2015 మహిళల వరల్డ్ కప్‌ని కెనడాలో కృత్రిమ పచ్చిక మీద ఆడించబోతే ఆటగాళ్లు న్యాయపోరాటానికి దిగారు. 2026 పురుషుల వరల్డ్ కప్‌కి, మామూలుగా కృత్రిమ పచ్చిక ఉండే అమెరికా స్టేడియాల్లో కూడా సహజ గడ్డే కావాలని ఫీఫా షరతు పెట్టింది. డబ్బుకి కొదవ లేని చోటే గడ్డి కోసం అంత పట్టుబడుతున్నారు.

జిల్లాలో స్టేడియం అనగానే మన దృష్టి గ్యాలరీ మీదికి, ఫ్లడ్‌లైట్ల మీదికి పోతుంది. నన్నడిగితే మొదటి ఖర్చు నేలకి, నీటికి పెట్టాలి. నీళ్ల లెక్క చిన్నదేం కాదు. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉన్న గ్రౌండ్ 7,140 చదరపు మీటర్లు. ఎండాకాలంలో రోజుకు 5 మిల్లీమీటర్ల తడి అనుకుంటే 35 వేల లీటర్లు దాటుతుంది, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఏడు. బోరు లేని స్కూలు దీన్ని మోయలేదు. అలాంటి చోట గ్రౌండ్ అంతా కాకుండా, పిల్లలు ఎక్కువగా ప్రాక్టీస్ చేసే సగం భాగాన్ని ముందు పచ్చగా చేసుకోవచ్చు.

గాలి తీవ్రత తగ్గించే ఉపాయం మన తీరపు రైతులకు ఎప్పటి నుంచో తెలుసు. సరుగుడు వరస. ప్రహరీ గోడ గాలిని ఒక్కసారిగా ఆపి, దాటాక సుడులు పుట్టిస్తుంది. సరుగుడు చెట్ల మధ్యలోంచి గాలి కొంత జల్లెడపట్టి వస్తుంది కాబట్టి సుడులు లేకుండా నెమ్మదిస్తుంది. ఆ చలవ చెట్టు ఎత్తుకు పదింతల దూరం దాకా ఉంటుంది. పది మీటర్ల చెట్లు వంద మీటర్ల గ్రౌండ్‌కి సాయం చేస్తాయి. సముద్రం వైపు నాటాలి, టచ్‌లైన్‌కి, అంటే గ్రౌండ్ పక్క గీతకి, దూరంగా నాటాలి. దగ్గరగా వేస్తే వేర్లు గడ్డి నీటిని తాగేస్తాయి, పొద్దుటి ఎండకి నీడ అడ్డం వస్తుంది.

గరిక నాటడానికి నైరుతి వానలు మొదలయ్యే జూన్ నెలాఖరు మంచి అదను. అంతకు ముందే నేల దున్ని, రాళ్లు ఏరి, బంకమన్ను ఉన్న చోట ఇసుక కలిపి, నీళ్లు నిలవకుండా మధ్య నుంచి అంచులకు కాస్త వాలు ఇవ్వాలి. విత్తనం కన్నా కణుపులున్న తీగలను ముక్కలు చేసి పాతితే తొందరగా అల్లుకుంటుంది. తుంగ మొలిస్తే చిన్నగా ఉన్నప్పుడే దుంపతో పీకేయాలి. గడ్డి కోసేటప్పుడు ఎప్పుడూ మూడో వంతుకు మించి కోయకూడదు, కోస్తే వేరు బలహీనపడుతుంది. వానాకాలమంతా ఆ నేల మీద ఆట ఆపాలి. అన్నిటికన్నా కష్టమైన పని ఇదే, పిల్లలకి నచ్చజెప్పి వేరే చోటు చూపించాలి. ఆట మళ్లీ మొదలయ్యాక ముందుగా అరిగేది గోల్ ముందు భాగం. పాతేసిన ఇనుప స్తంభాలకు బదులు కదిలించగల గోల్ పోస్టులు పెట్టుకుంటే, మీద పడిపోకుండా ప్రతిసారీ గట్టిగా బిగించి, ప్రాక్టీస్ రోజుల్లో వాటిని రెండు వారాలకోసారి పక్కకి జరపొచ్చు. పాత చోటు ఆలోగా పూడుకుంటుంది.